పొక్కు లేవని చెయ్యి

నాది మంచి చెయ్యి అని ఎల్లారెడ్డి తాలూకాలో పేరుంది. యాకూబు టీకా వేస్తే పొక్కు లేవక తప్పదు, పొక్కు లేచిన పిల్ల జోలికి మశూచి రాదు అంటారు. పటేండ్లు అంటారు, పట్వారీలు అంటారు, మొన్న కామారెడ్డిలో రైలు దిగుతుంటే ముక్కూ మొహం తెలియని మనిషి కూడా ఆపి మరీ అన్నాడు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఊరుకుంటాను. ఊరుకోవడం నాకు బాగా చేతనైన పని.

ఇంకో సంగతి కూడా చెప్పుకుంటారు. టీకా వేసిన ఎనిమిదో రోజు చేతులు చూడటానికి పోయినప్పుడు నా వెంట ఒక ముసలామె వస్తుందని. ఆమెకు ఒక కన్ను లేదు, మొహం నిండా మశూచి గుంటలు. ప్రతి ఇంట్లోకీ నాకంటే ముందు ఆమే పోతుంది. పిల్లల అంగీ చేతులు పైకి తోసి చూస్తుంది. పొక్కు కనపడకపోతే ఆ గడపలో చతికిలబడుతుంది, నేను మళ్ళీ టీకా వేసేదాకా లేవదు. ఈ ముసల్ది నీకేమవుతుందని అడుగుతారు. ఏమీ కాదు. నేను క్రైస్తవుణ్ణి, ఆమె చాకలి రామవ్వ. ఆమె నా వెంట ఎందుకొస్తుందో మా ఇద్దరికే తెలుసు. నాలుగేళ్ళు కడుపులో పెట్టుకున్నాను, ఇక నా వల్ల కాదు.

ఆ ఊరు ఎల్లారెడ్డికీ మహమ్మద్‌నగర్‌కూ నడుమ ఉంటుంది. పేరు చెప్పను, అక్కడివాళ్ళు ఇప్పటికీ నన్ను కూర్చోబెట్టి సల్ల పోస్తారు. నిజాంసాగర్ కాలువ నీళ్ళు వచ్చాక ఆ చుట్టుపక్కల వరి పెరిగింది, వరితో పాటు కూలికి వచ్చేవాళ్ళు పెరిగారు, వాళ్ళ వెంట మశూచి కూడా రెండేళ్ళకోసారి వచ్చి పోవడం మొదలైంది. వాళ్ళు మశూచి అనరు, తల్లి పోసింది అంటారు. తల్లి పోసిన ఇంటి గడపకు వేపమండలు కడతారు. ఆ ఇంట్లో తాలింపు వేయరు, చుట్టాన్ని రానివ్వరు. ఇరుగుపొరుగు ఆ వాకిలి ముందు నుంచి నడవరు కూడా. అట్లాంటి ఇంట్లోకి పోయేది ఒక్క రామవ్వే.

ఆమెకు పదేళ్ళప్పుడు తల్లి పోసింది. ఒక కన్ను తీసుకుని ప్రాణం వదిలిపెట్టింది. ఒకసారి చూసిన మనిషిని తల్లి మళ్ళీ చూడదని ఊరి నమ్మకం, అందుకే ఎవరింట్లో మశూచి వచ్చినా రామవ్వకు కబురు పోతుంది. పోయి మంచం పక్కన కూర్చుంటుంది. వేపమండతో విసురుతుంది, అంబలి కొంచెం కొంచెం నోట్లో పోస్తుంది, అంటుకుపోయిన రెప్పలను తడిగుడ్డతో విడదీస్తుంది, రోగి గీరుకోకుండా రెండు చేతులూ పట్టుకుంటుంది. ఒక్కో ఇంట్లో ఇరవై రోజుల పని. నలభై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నా ఆమెకు మళ్ళీ ఒక్క పొక్కు రాలేదు.

ఇంట్లో ఆమెకున్న దిక్కు మనవరాలు గంగామణి. రామవ్వ బిడ్డ కాన్పులో పోయింది. అల్లుడు నిజామాబాద్ దిక్కు పోయి అక్కడే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. పసిగుడ్డుకు మేకపాలు పట్టి పెంచింది. ఈ కథ నాటికి పిల్లకు నాలుగేళ్ళు.

ఎవరింట్లోనైనా రోగి దగ్గర కూర్చుందంటే రామవ్వ తన ఇంటి గడప తొక్కేది కాదు. పిల్లను తోటికోడలు ముత్తవ్వకు అప్పజెప్పి, తాను ఊరి బయట బట్టలుడికే కొట్టంలో పడుకునేది. కట్టిన కోక రోజూ బానలో వేసి ఉడకబెట్టేది. పొద్దున ఒక్కసారి ముత్తవ్వ ఇంటి దడి దాకా వచ్చి ఇవతలే నిలబడేది. అవతల నుంచి పిల్ల ఎత్తుకొమ్మని చేతులు చాచి ఏడ్చేది. ఈమె చూసేది, నాలుగు మాటలు మాట్లాడేది, వెళ్ళిపోయేది. రోగికి తలకు పోసి, పోచమ్మకు సాక నీళ్ళు పోసి మొక్కిన తర్వాతే ఇంటికి చేరేది. ఎందుకట్లా అని అడిగితే, "తల్లి కోకల కూసుండి వస్తది బిడ్డా" అని చెప్పింది నాతో.

హైదరాబాదులో నన్ను మూడు నెలలు బెంచీ మీద కూర్చోబెట్టి నేర్పిన సంగతి అది. ఎవరూ నేర్పకుండానే ఆమెకు తెలుసు. నేను మాత్రం అప్పుడు లోపల నవ్వుకున్నాను, కోకలో కూర్చునే దేవత ఎవరా అని.

ఫసలీ 1348, ఇంగ్లీషు లెక్కన 1939, ఎండాకాలం. నాకు ఇరవై ఏడేళ్ళు. ఉద్యోగం కొత్త, కాళ్ళకు బూట్లు కొత్త, మాట్లాడితే ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని వినడం కూడా కొత్తే.

టీకా మందు హైదరాబాదు నుంచి రైల్లో కామారెడ్డికి వచ్చేది. సన్నటి గాజు గొట్టాల్లో చుక్క చుక్కగా ఉంటుంది. దూడ ఒంటి మీద పెంచిన రసం అది, ప్రాణమున్న వస్తువు. ఎండ తగిలితే చస్తుంది. చచ్చినా చూడటానికి అట్లాగే ఉంటుంది, అదే దానితో వచ్చిన చిక్కు. అందుకని గొట్టాలను గురిగిలో, అంటే చిన్న మట్టి ముంతలో, తడి ఇసుక నడుమ గుచ్చి, గురిగికి తడిగుడ్డ చుట్టి మోసుకుపోతాం. గుడ్డ ఆరకుండా మాటిమాటికీ తడపాలి. ఈ ఉద్యోగంలో అంతకంటే పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ తెలివే లేకపోయింది నాకు.

ఆ రోజు ఎల్లారెడ్డి దాటిన తర్వాత బండి ఇరుసు విరిగింది. బండి తోలే హన్మండ్లు, ఇరుసు చెక్కే వడ్లాయనను తీసుకురావడానికి పోయాడు. నేను చింతచెట్టు కింద గురిగి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. అంతకు ముందే ఒక పటేలు ఇంట్లో మెడదాకా తిన్నాను. కన్ను మూతపడింది. మెలకువ వచ్చేసరికి నీడ జరిగిపోయి ఉంది. నేను నీడలోనే ఉన్నాను, గురిగి ఎండలో ఉంది. గుడ్డ ఎండి అప్పడంలా అయింది. ఇసుకలో వేలు పెడితే చురుక్కుమంది.

గుడ్డ తడిపాను, ఇసుకలో నీళ్ళు పోశాను. కాసేపటికి చల్లబడింది. చల్లబడింది కదా, ఏం కాదులే అనుకున్నాను. అక్కణ్ణుంచి వెనక్కి పోవలసింది. పోతే కామారెడ్డి దవాఖానాలో జవాబు చెప్పుకోవాలి, తిని పడుకున్నానని నోటితో అనాలి. దానికి మనసు ఒప్పలేదు. బండి బాగయ్యాక ముందుకే తోలించాను.

ఊరి చావడి దగ్గర పటేలు ఎనిమిది మంది పిల్లలను నిలబెట్టి ఉంచాడు. మిగతావాళ్ళను తల్లులు ఎక్కడెక్కడో దాచేశారు. దూడ చీము ఒంట్లోకి ఎక్కిస్తారని వాళ్ళ భయం. నేను అరుగు ఎక్కి మొదలుపెట్టాను. ఎక్కడికి పోయినా చెప్పే ముచ్చటే, నాకు నోటికి వచ్చు.

"మన ఒంట్ల కావలోళ్ళు ఉంటరు. కండ్లకు కనవడరు గని రాత్రింబగళ్ళు తిరుగుతనే ఉంటరు. ఎన్నడు చూడని దొంగ వచ్చిండనుకో, వాడు దొంగ అని ఎరుకయ్యే వరకే ఇల్లు సగం గుల్లయితది. బతికి బయటవడ్డమా, ఇగ ఆ మొకం వాళ్ళు సచ్చేదాక మరువరు. మల్ల వస్తె గడపల్నే పట్టుకుంటరు. టీకా అంటె ఏంది? ఆ దొంగకు వాని తమ్ముడు ఒకడున్నడు, శాతగానోడు. వాన్ని తెచ్చి కావలోళ్ళకు చూపిస్తున్నం. వాళ్ళు వాన్ని పట్టుకుని తంతరు. ఆ కొట్లాటల లేసిన దుమ్మే పొక్కు. పొక్కు లేసిందంటె కావలోళ్ళు మొకం గుర్తువట్టిండ్రన్నట్టు."

అందరి వెనక నిలబడి రామవ్వ వింటోంది. చంకలో గంగామణి ఉంది.

"అయితె నా ఒంట్ల గూడ కావలి ఉన్నదా, బిడ్డా?"

"ఉన్నదవ్వా. నీది గట్టి కావలి. పెద్ద దొంగనే చూసింది."

"నేను తల్లి అనుకుంటున్న. నువ్వు కావలి అంటున్నవ్. పేరు ఏదైతె ఏంది," అని ముందుకు వచ్చి పిల్లను నా ఎదుట కూర్చోబెట్టింది. "దీనికి గూడ పెట్టు. నేను తల్లి పోసిన ఇండ్లకు పోయినప్పుడల్ల ఎనుక వస్త అని ఏడుస్తది."

ఆ ఊళ్ళో తనంతట తాను పిల్లను తెచ్చింది ఆమె ఒక్కతే. గొట్టం కొన విరిచి చెయ్యి మీద చుక్క వేసి, పళ్ళున్న చిన్న చక్రాన్ని దాని మీద పెట్టి తిప్పాను. గంగామణి ఏడవలేదు. నా బూట్లు చూస్తూ కూర్చుంది.

ఎనిమిదో రోజు పోయాను. చావడి దగ్గర ఎనిమిది చేతులూ చూశాను. గీతలు మానిపోయి, ఎక్కడ గీశానో నాకే వెతుక్కోవలసి వచ్చింది. ఒక్క పొక్కు లేదు. తల్లులు సంబరపడ్డారు. ఏం కాకుండా తల్లి కాపాడింది అన్నారు. నేను అవునన్నాను. నాకు మాత్రం చింతచెట్టు, ఎండిన గుడ్డ, చురుక్కుమన్న ఇసుక అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. మందు చచ్చింది. వేసింది వట్టి నీళ్ళు.

ఎవరూ ఏమీ అడక్కముందే ఊరు దాటుదామని నడుస్తుంటే కాలువ గట్టు దగ్గర రామవ్వ ఆపింది. పిల్ల చెయ్యి పట్టుకుని నా ముందుకు చాపింది.

"ఏంది బిడ్డా, దుమ్ము లేవలే?"

నేను అరుగు మీద చెప్పిన మాట ఒక్కటీ ఆమె మరిచిపోలేదు. తక్కినవాళ్ళకు నోరు మూసుకుంటే సరిపోయింది, ఈమెకు ఏదో ఒకటి చెప్పక తప్పదు. అప్పుడు హైదరాబాదులో చెవిన పడ్డ పాఠం ఒకటి గుర్తుకొచ్చింది. మశూచి వచ్చి బతికిన తల్లి తన ఒంట్లోని బలాన్ని కడుపులో బిడ్డకు కూడా కొంత ఇస్తుందని. అది ఎవరికి, ఎన్నాళ్ళు అనే ముక్క నేను సరిగ్గా వినలేదు. విననిదాన్ని నాకు కావలసినట్టు పూర్తి చేసుకున్నాను.

"అవ్వా, నీ కావలి గట్టిది గద. అది దీనికి గూడ వచ్చింది. అందుకే ఆ తమ్ముడు గడప దాటలే. కొట్లాటనే కాలే, ఇగ దుమ్మెట్ల లేస్తది?"

"నేను అమ్మమ్మను గద బిడ్డా. దీని తల్లికి తల్లి పోయనే లేదు."

"అయినా వస్తది."

"నా పాలు గూడ తాగలే. మేకపాలు తాగింది."

"రక్తం ఒక్కటే గదవ్వా," అన్నాను.

ఆమె ఉన్న ఒక్క కన్నుతో నా మొహంలోకి చూసింది.

"అయితె తల్లి పోసిన ఇంట్లకెల్లి వచ్చి దీన్ని ఎత్తుకున్నా ఏం గాదా?"

"ఏం గాదు."

అన్నాను. రెండంటే రెండు మాటలు. ఆమె నవ్వింది. గుంటలు పడ్డ ఆ మొహం నవ్వుతుందని నాకు అంతవరకూ తెలియదు. పిల్లను ఎత్తి చంకన వేసుకుని గట్టు మీదుగా పోయింది. నేను బరువు దిగినట్టు నడుచుకుంటూ ఎల్లారెడ్డి వచ్చేశాను. ఆ పూట బాగా తిన్నానని కూడా గుర్తుంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నెల దాటింది. నేను దోమకొండ వైపు ఊళ్ళు తిరుగుతున్నాను. రామవ్వ ఊరి పటేలు పంపిన మనిషి వచ్చి, రాజలింగు భార్య ఎంకవ్వకు తల్లి పోసి పదిహేను రోజులవుతోందనీ, ఇంకో ఇద్దరికి కూడా జ్వరమనీ, పటేలు రమ్మన్నాడనీ చెప్పాడు. రామవ్వ ఎక్కడుందని అడిగాను. ఎంకవ్వ దగ్గరే కూర్చుంటోంది, ఇంకెక్కడుంటది అన్నాడు.

మందు కోసం కామారెడ్డి దవాఖానాకు పోయాను. అక్కడి డాక్టరు సాబు పెద్ద వయసు మనిషి, కసురుకోకుండా మాట్లాడతాడు. గొట్టాలు తీసి ఇస్తుంటే నాకు ఉన్నట్టుండి ఆ మాట ఆయన నోట విని ధైర్యం తెచ్చుకోవాలనిపించింది. ఆ ఊళ్ళో ఒక పిల్ల ఉంది సాబ్, అమ్మమ్మకు చిన్నప్పుడు మశూచి వచ్చింది, ఆ బలం పిల్లకు కూడా ఉండాలి కదా అన్నాను.

ఆయన గొట్టాలు పక్కన పెట్టాడు.

"పిల్లకు ఎన్నేండ్లు?"

"నాలుగు, సాబ్."

"తల్లి దగ్గరికెల్లి వచ్చేది అడుక్కొచ్చుకున్న సామాను, యాకూబ్. నాలుగు నెలలు, మహా అంటె ఆరు నెలలు. తర్వాత కరిగిపోతది. అమ్మమ్మ నుంచి ఏం వస్తది? ఎవల దొంగను వాళ్ళ ఒళ్ళే చూడాలె." ఆగి నా వైపు చూశాడు. "ఆ పిల్లకు టీకా లేవలేదా?"

"లేవలే, సాబ్."

"మిగిలినోళ్ళకు?"

"ఎవ్వలకు లేవలే."

"గురిగి ఎండల పెట్టినవా?"

"లేదు, సాబ్."

అడిగిన మనిషి మంచివాడు. చెప్పినా నన్ను ఉరితీసేవాడు కాదు. అయినా లేదనే అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా గొట్టాలు ఇసుకలో గుచ్చి ఇచ్చి, పోయి ముందు ఆ పిల్లకు వెయ్యి, ఒంట్లో విషం చొరబడి మూడు నాలుగు రోజులే అయితే ఇప్పటికీ టీకా దాన్ని దాటిపోగలదు అన్నాడు.

ఎల్లారెడ్డి దాకా మోటారులో పోయి, అక్కణ్ణుంచి బండి కోసం ఆగకుండా నడిచాను. ప్రతి ఫర్లాంగుకూ గుడ్డ తడిపాను. నడుస్తున్నంతసేపూ ఒకటే లెక్క. ఎంకవ్వ దగ్గర రామవ్వ కూర్చుని పదహారు రోజులు. పిల్లకు అంటుకుని మూడు రోజులే అయితే ఫరవాలేదు. అసలు రామవ్వ పాత పద్ధతి మానలేదేమో, పిల్లను ముత్తవ్వ దగ్గరే వదిలి దడి ఇవతల నిలబడుతోందేమో. నా మాట ఎవరూ నమ్మకుండా ఉంటే బాగుండునని పుట్టి బుద్ధెరిగాక ఆ రోజే కోరుకున్నాను. ప్రభువును కూడా అదే అడిగాను.

నేరుగా ముత్తవ్వ ఇంటికి పోయాను. దడి అవతల కోళ్ళు తిరుగుతున్నాయి, పిల్ల లేదు.

"గంగామణి ఏదవ్వా?"

"ఈసారి నా దగ్గెర ఇడువనే లేదయ్యా," అంది ముత్తవ్వ. "పగటి పూట ఎంకవ్వ కాడ కూసునుడు, సందెకాడ ఇంటికొచ్చి పిల్లను పక్కల పండవెట్టుకునుడు. ఏం గాదని టీకాలాయన చెప్పిండట గద. మొన్నటి సంది ఒళ్ళు కాలుతున్నది పిల్లకు."

రామవ్వ ఇంటి గడపకు అప్పటికే వేపమండలు ఉన్నాయి. ఆమే కట్టుకుంది. లోపల చాప మీద గంగామణి పడుకుని ఉంది. నుదుటి మీద, మూతి చుట్టూ ఎర్రటి చుక్కలు తేలుతున్నాయి. ఒక చేత్తో అమ్మమ్మ కోక చెంగు పట్టుకుని ఉంది. ఇక టీకా వేసినా వేయకపోయినా ఒకటే.

రామవ్వ తలెత్తి చూసింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఈడ ఏం చూస్తవ్ బిడ్డా," అంది. "ఆ ఎనిమిది మంది చేతులు చూడు పో. వాళ్ళ ఇండ్లల్ల గూడ పిల్లలే ఉన్నరు."

పటేలుతో సర్కారు కొత్త హుకుం తెచ్చిందనీ, ఇకమీద రెండుసార్లు వేయాలనీ చెప్పాను. అదీ అబద్ధమే. ఈసారి ఎవరూ పిల్లలను దాచలేదు, ఊళ్ళో మూడు గడపలకు వేపమండలు వేలాడుతున్నాయి మరి. పొద్దుగూకేలోపల అరవై మందికి పైగా వేశాను. చావడిలోనే మకాం పెట్టాను. రోజూ రామవ్వ ఇంటికి పోయి వచ్చేవాణ్ణి. చేసేదేమీ లేదు, ఆమె చెప్తే నీళ్ళు తెచ్చి పెట్టేవాణ్ణి, వేపమండలు విరిచి తెచ్చేవాణ్ణి.

చుక్కలు పొక్కులయ్యాయి, పొక్కులు నిండి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ నలుసంత ఒంట్లో కావలివాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు. రాత్రింబగళ్ళు కొట్లాడుతూనే ఉండి ఉంటారు. కానీ వాళ్ళకు ఆ మొహం కొత్త. ఎవరూ ముందుగా చూపించలేదు. చూపించవలసినవాడు చింతచెట్టు కింద పడి నిద్రపోయాడు. ఐదో రోజు పిల్ల కళ్ళు మూసుకుపోయాయి. అప్పటి నుంచి ఒకటే మాట. "అవ్వా, దడి అవుతలికి పోకు." రామవ్వ అంత దగ్గరగా కూర్చుని ఉన్నా అదే మాట. "పోనే, ఈడనే ఉన్న," అని ఆమె ప్రతిసారీ జవాబు చెప్పేది. నేను బయటికి వచ్చి గోడవైపు తిరిగి ఏడ్చేవాణ్ణి.

ఎంకవ్వకు తలకు పోశారు. ఆమె బతికింది.

టీకాలు వేసిన ఎనిమిదో రోజు చావడి దగ్గర పిల్లలను వరసగా నిలబెట్టారు. ఒక్కొక్క అంగీ చెయ్యి పైకి తోస్తున్నాను. ప్రతి చేతి మీదా గుండ్రంగా, ముత్యమంత పొక్కు, చుట్టూ ఎర్రటి వలయం. ఒక్కటి కూడా తప్పలేదు. మొదట వట్టి నీళ్ళు వేసిన ఆ ఎనిమిది మందికీ లేచింది. పటేలు తన భుజం మీది రుమాలు తీసి నా భుజం మీద వేశాడు. నీది మంచి చెయ్యి యాకూబూ అన్నాడు. నాకు ఆ పేరు వచ్చింది అప్పుడే. ఆ మాట ఇంకా ఆయన నోట్లో ఉండగానే ముత్తవ్వ వీధి మలుపులో కనిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

పిల్లను ఊరి బయట తుమ్మల దగ్గర పూడ్చిపెట్టాం. మోసింది నేనే. వేరే ఎవరూ దగ్గరికి రాలేదు.

మర్నాడు పొద్దున బట్టలుడికే కొట్టం దగ్గరికి పోయాను. రామవ్వ బాన కింద మంట పెట్టి, గంగామణి లంగ, రవిక, చాప మీద పరిచిన పాత కోక అందులో వేసి కట్టెతో అదుముతోంది. నేను దూరంగా కూర్చున్నాను.

"అవ్వా, ఆ మందు ఎండల చచ్చిపోయింది. బండి విరిగిన నాడు నేను నిద్రపోయిన. గురిగి ఎండలకొచ్చింది. నాకు అప్పుడే ఎరుకుండె. నీ కావలి పిల్లకు వచ్చింది అన్నది నేను అల్లి చెప్పిన మాట."

ఆమె కట్టె ఆపలేదు.

"నాకెరుకే," అంది.

నాకు అర్థం కాలేదు. ఏమెరుక అని అడిగాను.

"మేకపాలు తాగింది అన్నప్పుడు నీ కన్ను కిందికి పోయింది. నలుపై ఏండ్ల సంది తల్లి పోసినోళ్ళ మొకాలు చూస్తున్న బిడ్డా, ఎవలు ఉంటరు, ఎవలు పోతరు అని. నీ మొకం చూస్తె నాకు తెల్వదా?"

"తెలిస్తె మరి పిల్లను ఎందుకు దగ్గెరికి తీసినవ్?"

కట్టె ఆగింది. ఆమె బాన వైపే చూస్తూ మాట్లాడింది.

"దడి అవుతల నిలవడి చేతులు సాపుతది. ఎన్ని ఇండ్లు, ఎన్ని దినాలు. నేను ఊరందరి పిల్లలను ఒడిల వెట్టుకుంట, నా పిల్లనే ముట్టుకోవద్దు. అలిసిపోయిన బిడ్డా. సదువుకున్నోడు ఎవడన్న ఒక్కడు ఏం గాదు అంటె సాలు అని చూస్తున్న. నువ్వు అన్నవ్. పదారు దినాలు పక్కల పండవెట్టుకున్న. నా మెడ చుట్టు చెయ్యేసి పండేది."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. లేచి, ఉడికిన లంగను కట్టెతో పైకి తీసింది. చల్లారేదాకా ఆగి పిండింది. అది ఎంత చిన్నదంటే పిండటానికి రెండు చేతులు అక్కర్లేకపోయింది. తాడు మీద ఆరేసి, ముడతలు సాపు చేసి, అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వు ఆనాడు నా మొకం చూసి చెప్పినవ్ బిడ్డా. నేను ఏం వినాలనుకున్ననో అది చెప్పినవ్. ఇగ ముంగట ఎవలు అడిగినా మొకం చూడకు. చెయ్యి చూసి చెప్పు."

పై వారం ఎల్లారెడ్డి దగ్గర ఇంకో ఊళ్ళో టీకాలు వేశాను. ఎనిమిదో రోజు పోయేసరికి ఆమె ఆ ఊరి పొలిమేరలో నిలబడి ఉంది.